తార్ మీద ముసాఫహా



చిన్నప్పుడు మా మౌల్వీ సాబ్ నేర్పిన ఆదాబ్‌లో రెండు నాకు ఇప్పటికీ గుర్తున్నాయి. ఒకటి, సలాం చేయడం సున్నత్, జవాబివ్వడం వాజిబ్. రెండోది, ముసాఫహా చేసినప్పుడు ఎదుటివాళ్లు వదిలేదాకా నువ్వు చెయ్యి లాక్కోవద్దు. ఇవే రెండు మాటలు కొన్నేళ్లకు ఒక కంప్యూటర్ మెకానిక్ నోట వింటానని మాత్రం అనుకోలేదు.

2003లో నేను ఒక చిన్న పేపర్‌లో సబ్ ఎడిటర్‌ని. పేరు వద్దులెండి, ఆ పేపర్ ఇప్పుడు లేదు కూడా. ఆఫీసులో రెండు పాత మషీన్లు ఉండేవి. ఒకదాంట్లో ప్రకటనలు టైప్ చేసేవాళ్లు, రెండోదాంట్లో పేజీలు కట్టేవాళ్లు. రెంటికీ మధ్య ఒక సీరియల్ కేబుల్. ఒక రాత్రి పొద్దుపోయాక ఇంతెఖాల్ ఖబర్ ఒకటి వచ్చింది. మర్నాడు జుహర్ తర్వాత మొహల్లా మస్జిద్‌లో నమాజె జనాజా, అసర్ తర్వాత ఇంట్లో ఖురాన్ ఖానీ. ఆపరేటర్ కుర్రాడు టైప్ చేశాడు, పంపాడు, పేజీ వెళ్లిపోయింది. పొద్దున పేపర్‌లో మాత్రం ‘నమాజె జనాజా అసర్ తర్వాత ఇంట్లో’ అని ఉంది. మధ్యలో ఉండాల్సిన ముక్క గాయబ్. ఎక్కడా అక్షరం చెడలేదు, వాక్యం చక్కగా అతుక్కుంది. అందుకే ఎవరికీ షక్ రాలేదు.

ఆ మర్హూమ్ తమ్ముడు వేరే ఊళ్లో ఉంటాడు. పొద్దున్నే పేపర్ చూసి, అసర్ దాకా వక్త్ ఉంది కదా అని నెమ్మదిగా బస్సెక్కాడు. ఇల్లు చేరేసరికి కబరస్తాన్ నుంచి అందరూ తిరిగొచ్చేశారు. మూడో రోజు పేపర్ చేతిలో పట్టుకుని మా ఆఫీసుకొచ్చాడు. అరవలేదు, తిట్టలేదు. ‘మూడు పిడికిళ్ల మట్టి కూడా వేయలేకపోయాను సాబ్’ అన్నాడు, అంతే.

గల్తీ ఆ ఆపరేటర్ కుర్రాడిదే అని అందరూ తీర్మానించేశారు. వాడి నౌకరీ పోయేదే. వాడు ఏడుస్తూ తన మషీన్ తెరిచి చూపించాడు. ఫైల్ పూర్తిగా ఉంది, ఒక్క అక్షరం తగ్గలేదు. మరి పోయిన ముక్క ఎక్కడ పోయింది? అప్పుడు పిలిపించారు మెకానిక్‌ని. అందరూ ఆయన్ని ఉస్తాద్ అనేవాళ్లు. ఆయన ఫైలూ చూడలేదు, తెరా చూడలేదు. కేబుల్ కొసన ఉన్న డబ్బాకి స్క్రూలు విప్పి, లోపల చూసి, ‘ఇందులో హ్యాండ్‌షేక్ లేదు భాయ్, ధోకా ఉంది’ అన్నాడు.

మషీన్లకు ముసాఫహా ఏమిటని నేనడిగిన సవాల్‌కి ఆయన పది నిమిషాల్లో జవాబు చెప్పాడు. నాకు పూర్తిగా అర్థం కావడానికి మాత్రం చాలా ఏళ్లు పట్టింది. చదివిన కొద్దీ ఇది ఒక కేబుల్ కథ కాదని తెలిసింది.

తీగ ఒక్కటే, అక్షరాలు చాలా. అవి ఒకదాని వెనక ఒకటి లైన్లో రావాలి. దాన్నే సీరియల్ అంటారు. పంపేవాడి వక్త్, అందుకునేవాడి వక్త్ కలవాలి, లేకపోతే అలిఫ్ బే అవుతుంది. ఫ్రాన్స్ టెలిగ్రాఫ్ శాఖలో పనిచేసిన ఎమిల్ బోదో 1874లో పేటెంట్ తీసుకున్న మషీన్‌లో ఆ కలపడమంతా మనిషి వేళ్ల మీదే ఉండేది. అయిదు మీటలు, ముప్పై రెండు కలయికలు. మషీన్ టక్‌మన్నప్పుడే మీటలు నొక్కాలి, ముందూ కాదు వెనకా కాదు. ఆపరేటర్లు ఆ తాళానికి అలవాటు పడాల్సిందే. మోడెమ్ స్పీడ్ చెప్పేటప్పుడు మనం వాడే ‘బాడ్’ అన్న మాట ఆయన పేరులోంచి వచ్చిందే.

తర్వాత ఇరవయ్యో శతాబ్దం మొదటి దశకాల్లో అమెరికాలో క్రమ్ తండ్రీకొడుకులు చార్లెస్, హోవర్డ్ ఆ బోఝ్‌ని మనిషి మీద నుంచి దించారు. ప్రతి అక్షరం ముందు ఒక ‘స్టార్ట్’ ఇషారా, వెనక ఒక ‘స్టాప్’ ఇషారా. అందుకునే మషీన్ స్టార్ట్ చూడగానే లెక్క మొదలుపెడుతుంది, స్టాప్ చూడగానే ఆగి మళ్లీ మొదటి నుంచి సిద్ధమవుతుంది. అంటే ప్రతి అక్షరమూ సలాం చెప్పి లోపలికి వచ్చి, ఖుదా హాఫిజ్ చెప్పి పోతుంది. ఇవాళ్టి సీరియల్ పోర్టులో ఉన్నదీ ఈ పద్ధతే.

అక్షరం ఎప్పుడు మొదలవుతుందో తెలిసింది సరే, అందుకునేవాడికి దాన్ని తీసుకునే ఫుర్సత్ ఉందా? సలాం వేరు, జవాబు వేరు. 1963లో వచ్చిన టెలిటైప్ మోడల్ 33 సెకనుకి పది అక్షరాలు కొట్టేది. లైను చివరికొచ్చాక దాని తల మళ్లీ ఎడమ కొసకి పోవాలి కదా, అందుకు సెకనులో పదో వంతు చాలదు. అందుకే ‘వెనక్కి పో’ అని ఒక ఇషారా, ‘కాగజ్ జరుపు’ అని ఇంకో ఇషారా పంపేవాళ్లు. రెండోది నడుస్తుండగా తల ఇంటికి చేరేది. కాళ్లు నొప్పులున్న పెద్దమనిషి మెట్లెక్కుతుంటే మనం కింద నిలబడి చెప్పులు సర్దుకుంటున్నట్టు నటిస్తాం చూడండి, అలాంటి వ్యవహారం. విండోస్ ఫైళ్లలో లైను చివర ఇప్పటికీ ఆ రెండు ఇషారాలూ జంటగా కూర్చునే ఉంటాయి, తల లేకపోయినా.

అదే మషీన్‌కి కాగితం పట్టీ చదివే పరికరం ఒకటి ఉండేది. దాన్ని ఆపడానికి 19 నంబర్ ఇషారా, మళ్లీ నడపడానికి 17. తర్వాత కంప్యూటర్ల మధ్య కూడా ఇవే ‘ఆగు’, ‘పంపు’ అయ్యాయి. వీటినే ఎక్సాఫ్, ఎక్సాన్ అంటారు. లినక్స్ టెర్మినల్‌లో పొరపాటున కంట్రోల్ ఎస్ నొక్కి, తెర గడ్డకట్టిందని మషీన్ ఆపేసినవాళ్లు ఎందరో. అది గడ్డకట్టలేదు, టెలిటైప్ కాలం నాటి ‘ఆగు’ విన్నది. కంట్రోల్ క్యూ నొక్కితే మళ్లీ నడుస్తుంది. ఈ పద్ధతిలో ఒక ఐబ్ ఉంది. ఆగమన్న మాట కూడా సామానుతో కలిసి అదే తీగ మీద రావాలి. సామానులోనే 19 అనే నంబర్ ఉంటే, ఫొటో ఫైల్‌లో తప్పకుండా ఉంటుంది, పనీపాటా లేకుండా అంతా ఆగిపోతుంది.

దీనికి వేరే తీగలే ఉండాలి. అమెరికా ఎలక్ట్రానిక్ కంపెనీల సంఘం 1960లో ఆర్.ఎస్.-232 అనే ఖాయిదా రాసింది. 1969లో దాని ‘సి’ రూపం వచ్చింది, అదే ప్రపంచమంతా పాకింది. మూడు వోల్టులకు పైన ఉంటే ఒక మతలబ్, మైనస్ మూడుకు కింద ఉంటే ఇంకో మతలబ్. మధ్యలో ఉంటే ఏ మతలబూ లేదు. ఇరవై అయిదు పిన్నుల కనెక్టర్‌లో నాలుగోది ‘పంపనా?’ అని ఇజాజత్ అడుగుతుంది, అయిదోది ‘పంపు’ అని జవాబిస్తుంది. మొదట్లో ఈ సవాల్-జవాబ్ కంప్యూటర్‌కీ దాని మోడెమ్‌కీ మధ్య మాత్రమే. అప్పటి చాలా మోడెమ్‌లు ఒకసారి ఒకవైపే మాట్లాడగలిగేవి. కంప్యూటర్ ఇజాజత్ అడిగితే మోడెమ్ తన గొంతు సవరించుకుని, అంటే ఫోన్ లైన్ మీద తన సుర్ నిలబెట్టి, అవతలివాడు దాన్ని గుర్తుపట్టేంత సేపు ఆగి, అప్పుడు పంపమనేది. పెద్దవాళ్ల గదిలోకి పోయేముందు తలుపు కొట్టి ఆగడం మనకు తెలిసిన తహజీబే.

ఇక్కడే ఖరాబీ మొదలైంది. ఖాయిదా రాసినవాళ్ల మనసులో ఒక కొసన కంప్యూటర్, ఒక కొసన మోడెమ్ ఉన్నాయి. జనం కంప్యూటర్‌ని ప్రింటర్‌కి కట్టారు, కంప్యూటర్‌ని కంప్యూటర్‌కి కట్టారు. ఇద్దరూ ఇజాజత్ అడిగేవాళ్లే అయితే ఇచ్చేవాడెవరు? సరైన దారి ఏమిటంటే తీగల్ని అడ్డంగా మార్చి, ఇటు నాలుగో పిన్నుని అటు అయిదో పిన్నుకి కట్టడం. అప్పుడు నాలుగో పిన్ను మతలబు మారి ‘నేను అందుకోవడానికి సిద్ధం’ అవుతుంది. అలా కట్టాలంటే కేబుల్‌లో తీగలు ఎక్కువ కావాలి. సులువు దారి ఇంకొకటి ఉంది. కేబుల్‌లో మూడే తీగలు పెట్టి, ప్రతి కొసనా నాలుగో పిన్నునీ అయిదో పిన్నునీ డబ్బా లోపలే చిన్న ముక్కతో కలిపేయడం. మషీన్ ‘పంపనా?’ అంటుంది. దాని మాటే దాని చెవిలో ‘పంపు’ అని పడుతుంది. తన చెయ్యి తానే పట్టుకుని ముసాఫహా అయిందనుకుంటుంది.

మా కేబుల్‌లో ఉన్నది ఆ ముక్కే. ఎవరో రెండు తీగల ఖర్చు మిగిలించారు.

మరి అన్నేళ్లూ ఎలా నడిచింది? ఎందుకంటే చాలాసార్లు అందుకునే మషీన్ ఖాళీగానే ఉండేది. 1981లో ఐ.బి.ఎం. పీసీ వచ్చినప్పుడు దాని సీరియల్ పని చూసే చిప్ 8250. అది వచ్చిన అక్షరాన్ని ఒక్కటంటే ఒక్కటే దాచుకోగలదు. 9600 వేగంలో స్టార్ట్, స్టాప్ కలిపి అక్షరానికి పది బిట్లు, అంటే సెకనుకి 960 అక్షరాలు. ఒక్కోదానికి సుమారు ఒక మిల్లీసెకను. ఆ మిల్లీసెకనులో డ్రైవర్ వచ్చి అక్షరం తీసుకోకపోతే, తర్వాతది దాని నెత్తిన పడుతుంది. తర్వాత వచ్చిన 16550లో పదహారు అక్షరాల జేబు పెట్టారు. మా మషీన్లలో ఉన్నది పాతదే. ఆ రాత్రి పేజీల మషీన్ డిస్క్ మీద రాస్తున్నప్పుడు నలభై మిల్లీసెకన్లు చెవులు మూసుకుంది. పోయింది దాదాపు నలభై కోడ్లు. రెప్ప వేసేంత సేపు కూడా కాదు. ఒక మనిషి తన భాయ్ జనాజాకి అందకపోవడానికి అది చాలింది.

ఇక్కడ డ్రైవర్ల గురించి కొంచెం ఆగి చెప్పాలి, అసలు మసాలా అక్కడే ఉంది. డ్రైవర్ అంటే కంప్యూటర్ లోపల ఒక్కో పరికరం తరఫున మాట్లాడే వకీల్. ఒప్పందం తీగల మీదే ఉన్నా, ఆ తీగ లేపేదీ దించేదీ ఈ వకీలే. మంచి వకీల్ జేబు పూర్తిగా నిండేదాకా ఆగడు. ముప్పాతిక నిండగానే ‘ఆగు’ అంటాడు, ఎందుకంటే అవతలివాడు వినేలోపు ఇంకో రెండు మూడు అక్షరాలు దారిలో ఉంటాయి. పావు వంతుకి ఖాళీ అయ్యాకే మళ్లీ ‘పంపు’ అంటాడు. లేకపోతే అక్షరానికోసారి ఆపడం, పంపడం, అదే పని అవుతుంది.

పంపేవాడి వైపు ఇంకా నాజూకైన సంగతి ఒకటుంది. డ్రైవర్ అయిదో పిన్ను చూస్తాడు, ఇజాజత్ లేదు. సరే, జవాబొస్తే లేపండి అని పడుకోబోతాడు. చూడటానికీ పడుకోవడానికీ మధ్య సన్నని సందులో ఇజాజత్ వచ్చేసింది. లేపేవాడు లేపి వెళ్లిపోయాడు, ఇతనింకా పడుకోనేలేదు. ఇప్పుడు పడుకున్నాడు. ఇక లేపేవాడు లేడు. సహ్రీకి లేపడానికి వీధిలో డప్పు కొట్టుకుంటూ వచ్చేవాడు మనం కళ్లు మూసేముందే గల్లీ దాటిపోయినట్టు. దీనికి ఇలాజ్, ముందు ‘నేను పడుకునే జాబితాలో ఉన్నాను’ అని పేరు రాయించుకుని, తర్వాత ఇంకోసారి పిన్ను చూసి, అప్పుడు పడుకోవడం. క్రమం తారుమారైతే మషీన్ మూడు నెలలకోసారి, ఏ సబబూ కనిపించకుండా, ఊరికే ఆగిపోతుంది. ఆ మూడు నెలలే ఇంజనీర్లని చంపుతాయి.

మా మౌల్వీ సాబ్ చెప్పిన రెండో ఆదాబ్ కూడా ఇక్కడే దొరికింది నాకు. లినక్స్‌లో ఒక పని అయిపోయేదాకా ఇంకొకరు ఎదురుచూడటానికి మొదట సెమాఫోర్ అనే సాధనం వాడేవాళ్లు. ఎదురుచూసేవాడు తన సొంత జాగాలో ఒక జెండా పెట్టి కూర్చుంటాడు. పని చేసేవాడు జెండా ఎత్తుతాడు. ఎత్తడం ఇంకా పూర్తి కాకముందే ఎదురుచూసేవాడు లేచి, జాగా ఖాళీ చేసి వెళ్లిపోతే? ఎత్తేవాడి చెయ్యి ఇప్పుడు వేరెవరి సామాను మీదో ఉంది. కొంపలు మునుగుతాయి. 2001లో 2.4.7 కెర్నెల్‌లో ‘కంప్లీషన్’ అనే కొత్త సాధనం తెచ్చారు, ఒకరి చెయ్యి ఇంకా తీగ మీద ఉండగా రెండోవారు జారుకోకుండా. ఎదుటివాడు వదిలేదాకా చెయ్యి లాక్కోవద్దు. మౌల్వీ సాబ్‌కి కెర్నెల్ అంటే తెలియదు, అల్లా ఆయన్ని మగ్‌ఫిరత్ చేయుగాక.

మధ్యలో ఒక మాట, మన ఇళ్ల మాట. 1992లో యు.ఎన్.ఐ. ఉర్దూ సర్వీస్ మొదలై టెలిప్రింటర్ మీద ఉర్దూ లిపిలో ఖబర్లు రావడం మొదలైంది. అప్పటిదాకా ఉర్దూ అఖ్బార్లలో ఏజెన్సీ ఖబర్ అంటే ఇంగ్లిష్ నుంచి తర్జుమా, తర్వాత కాతిబ్ కలం. కుడి నుంచి ఎడమకి చదివే జుబాన్ కూడా తార్ మీద ఒకటే లైన్లో, ఒకదాని వెనక ఒకటిగా వస్తుంది. తార్‌కి కుడీ ఎడమా ఉండవు. ముందూ వెనకా అంతే.

ఇంకోవైపు చిన్న చిప్‌ల మధ్య మాటల కోసం 1982లో హాలెండ్ ఫిలిప్స్ కంపెనీ ఐ-స్క్వేర్డ్-సి అనే బస్ తెచ్చింది. రెండే తీగలు, ఒకటి సామానుకి, ఒకటి గడియారానికి. ఈ తీగల్ని ఎవరైనా కిందికి లాగొచ్చు, ఎవరూ పైకి నెట్టకూడదు. అందరూ వదిలేస్తే తీగ తనంతట తాను పైకి పోతుంది. యజమాని ఏడు బిట్ల పేరు పిలిచి, చదవాలా రాయాలా అన్నది ఎనిమిదో బిట్‌లో చెప్పి, తొమ్మిదో గడియకు ఆగి వింటాడు. ఆ పేరుగలవాడు ఉంటే తీగ కిందికి లాగుతాడు, అదే జవాబు. ఎవరూ లాగకపోతే ఖామోషీ, అంటే ఇంట్లో ఎవరూ లేరు.

నాకు దీంట్లో అన్నిటికన్నా నచ్చింది వేరే ఉంది. గడియారం తీగ యజమానిదే, కానీ నెమ్మదైన చిప్ దాన్ని కిందికి పట్టి ఉంచొచ్చు. యజమాని వదిలాడు, తీగ లేవలేదు. లేచేదాకా ఆయన ఆగాల్సిందే. వెనక సఫ్‌లో ముసలివాళ్లు, బీమార్లు ఉన్నారని ఇమామ్ చూసుకుని నడిపించినట్టు. పెద్దవాడి చేతిలో ఉన్న వక్త్‌ని చిన్నవాడు పట్టి ఆపగలిగిన ఖాయిదా ఇది. అందరూ పాటించారా? లేదు. 2012లో వచ్చిన రాస్ప్‌బెరీ పై మొదటి బోర్డుల చిప్‌లో ఈ ఆగడమే సరిగ్గా లేదు. కొన్ని సందర్భాల్లో నెమ్మదైన సెన్సర్ పట్టుకున్న తీగ వదిలిన క్షణాన యజమాని తన పాత లెక్కలోనే గడియ ముగించేసేవాడు. గడియ సగమై, బిట్ పోయేది. ఇక పట్టుకున్నవాడు వదలకుండా చచ్చిపోతే? అప్పుడు అందరూ బందీలే. అందుకే 1995లో ఇంటెల్ తెచ్చిన ఎస్.ఎమ్.బస్ ఖాయిదాలో 35 మిల్లీసెకన్ల హద్దు పెట్టారు. సబర్‌కి కూడా ఒక గడువు.

యు.ఎస్.బి. 1996లో వచ్చింది. దాని పద్ధతి దర్బారీ పద్ధతి. పరికరం తనంతట తాను నోరు విప్పదు, కంప్యూటర్ అడిగితేనే. జవాబులు మూడు. అందింది. ఇప్పుడు కాదు, మళ్లీ అడుగు. నావల్ల కాదు. ఈ రెండోదానికీ మూడోదానికీ ఉన్న ఫర్క్ తెలియని డ్రైవర్లు రాసినవాళ్లని ఉస్తాద్ బాగా తిట్టేవాడు. నిజానికి చిక్కు మొదటి జవాబుతోనే. ‘అందింది’ అన్న జవాబే దారిలో పోతే? పంపినవాడు అందలేదనుకుని మళ్లీ పంపుతాడు, అదే సామాను రెండుసార్లు చేరుతుంది. 1969లో బ్రిటన్ జాతీయ భౌతిక ప్రయోగశాల మనుషులు ముగ్గురు, బార్ట్‌లెట్, స్కాంటిల్‌బరీ, విల్కిన్‌సన్, దీనికి ఒక బిట్‌తో దారి చూపారు. ఒక మూటకి సున్నా, తర్వాతదానికి ఒకటి, మళ్లీ సున్నా. ఒకే అంకె వరుసగా రెండుసార్లు వస్తే పాతదే మళ్లీ వచ్చిందని తెలుసుకుని, పారేసి, జవాబు మాత్రం మళ్లీ పంపాలి. యు.ఎస్.బి.లో నడిచేదీ ఇదే ఉపాయం.

అయినా పూర్తి యకీన్ దొరకదు. నా జవాబు నీకు అందిందని నాకెలా తెలుసు? దానికో జవాబు, మళ్లీ దానికో జవాబు. చివరగా పంపినవాడు ఎప్పుడూ షక్‌లోనే ఉంటాడు. 1975లో ఒక పరిశోధన వ్యాసం దీన్ని రెండు ముఠాల కథలా చెప్పి, ఎన్ని ఖాసిద్‌లని పంపినా తీరదని చూపింది. 1978లో జిమ్ గ్రే ముఠాల బదులు ఇద్దరు జనరళ్లని పెట్టాడు, ఆ పేరే నిలిచింది. కాబట్టి ఇంజనీర్లు యకీన్ కోసం ఆగరు. గడువు పెట్టుకుంటారు, మళ్లీ పంపుతారు, అన్నిసార్లూ అయ్యాక గల్తీ జరిగిందని గట్టిగా చెప్తారు. మా కేబుల్ చేయనిది ఈ చివరి పనే. అది ఖామోష్‌గా తప్పు చేసింది.

ఉస్తాద్ ఆ రోజు చేసిన పని చిన్నదే. రెండు కొసల్లో ఆ ముక్కలు తీసేసి, అయిదు తీగల కొత్త కేబుల్ తెచ్చి, ఇటు నాలుగుని అటు అయిదుకి, అటు నాలుగుని ఇటు అయిదుకి టాంకా వేశాడు. మధ్యలో చిన్న బల్బులున్న డబ్బా ఒకటి తగిలించాడు, ఏ తీగ ఎప్పుడు లేస్తుందో చూడటానికి. ఆపరేటర్ కుర్రాడు అదే ఇంతెఖాల్ ఖబర్ ఫైల్‌ని మళ్లీ పంపాడు. మునుపటికన్నా ఎక్కువ సేపు పట్టింది. మా మేనేజర్ సాబ్ వెనక నుంచి చూసి, ‘ఇదేంటి, స్లో చేసి పెట్టావు’ అన్నాడు. ఉస్తాద్ మాట్లాడలేదు. డబ్బా మీద అయిదో నంబర్ బల్బు మీదకి వేలు చూపించాడు. డిస్క్ గర్‌మన్నప్పుడల్లా అది ఆరిపోతోంది, కాసేపటికి మళ్లీ వెలుగుతోంది.